ఆఫీసు మెయిల్‌లో చెత్తను ఏరడం, ఎరను గుర్తించడం ఎలా?

తాడిపత్రి నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్లలోనైనా, అనంతపురం సాయినగర్ ఆసుపత్రుల్లోనైనా, పుట్లూరు, నార్పల వైపు తోటల్లో అరటి కొని ఎగుమతి చేసేవారి ఆఫీసుల్లోనైనా పొద్దున్నే మెయిల్ తెరిచేది యజమాని కాదు. కంప్యూటర్ ఆపరేటరో, అకౌంట్లు రాసే అమ్మాయో తెరుస్తారు. చాలాచోట్ల ఆఫీసులో అందరికంటే తక్కువ జీతం వాళ్లదే. వాళ్లకు రెండు భయాలు ఉంటాయి. ఆర్డరు ఉన్న మెయిల్ చూడకుండా వదిలేస్తే యజమాని కోప్పడతాడు. పన్ను నోటీసు వచ్చినా పట్టించుకోకపోతే ఇంకా పెద్ద గొడవ. మోసగాడు ఎర వేసేది సరిగ్గా ఈ రెండు భయాలకే. అందుకే ఆఫీసుల కంప్యూటర్లు చూసుకునే నన్ను స్పామ్ (అడగకుండా వచ్చే చెత్త మెయిల్) గురించి ఎవరు అడిగినా సాఫ్ట్‌వేర్ దగ్గర మొదలుపెట్టను. మెయిల్ తెరిచే మనిషికి "ఆగి, కనుక్కుని, ఆ తర్వాతే చేస్తాను" అనే హక్కు ఇచ్చారా అని అడుగుతాను. కింద చెప్పబోయే పనులన్నీ ఆ హక్కు ఉన్నచోటే పనిచేస్తాయి.

ముందు ఒక సంగతి తెలుసుకోండి

మెయిల్ మీద కనిపించే పంపినవారి పేరును నమ్మడానికి లేదు. పోస్టు కవరు మీద 'ఫ్రమ్' దగ్గర ఎవరి పేరైనా రాసి డబ్బాలో వేయవచ్చు కదా, మెయిల్ కూడా అంతే. ఉత్తరాలు ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు ఎలా వెళ్లాలో చెప్పే నియమాలు 1982లో ఖరారయ్యాయి. అప్పటికి ఆ కంప్యూటర్ల నెట్‌వర్క్‌ను వాడేది ఎక్కువగా విశ్వవిద్యాలయాలు, పరిశోధన సంస్థలు, సైనిక విభాగాలే. ఒకరికొకరు తెలిసినవాళ్లు కనుక పంపినవారు నిజంగా వాళ్లేనా అని తనిఖీ చేసే ఏర్పాటు ఆ నియమాల్లో పెట్టలేదు. విచిత్రం ఏమిటంటే అడగని ప్రకటన మెయిల్ అంతకు ముందే పుట్టింది. 1978 మే నెలలో అమెరికాలో ఒక కంప్యూటర్ కంపెనీ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్ తమ కొత్త యంత్రాల గురించి సుమారు 400 మందికి ఒకేసారి పంపాడు. తలుపు అప్పుడే తెరుచుకుంది, తాళం గురించి ఆలోచించింది చాలా ఏళ్ల తర్వాత.

ఆ తాళాలే ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అనే మూడు తనిఖీలు. ఈ మెయిల్ నిజంగా ఆ సంస్థ అనుమతించిన సర్వర్ నుంచే వచ్చిందా, దారిలో ఎవరైనా మార్చారా, తనిఖీలో తప్పితే ఏం చేయాలి అన్నవి ఇవి తేలుస్తాయి. 2024 ఫిబ్రవరి నుంచి జీమెయిల్, యాహూ పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవారికి వీటిని తప్పనిసరి చేశాయి. దానివల్ల కొంత మేలు జరిగింది. కానీ మోసగాడు తన సొంత డొమైన్ (మెయిల్ చిరునామాలో అట్ గుర్తు తర్వాత వచ్చే పేరు) కొనుక్కుని, దానికి ఈ మూడూ సక్రమంగా పెట్టుకుంటే తనిఖీలో పాసవుతాడు. పాసయిందంటే ఆ డొమైన్ నుంచే వచ్చిందని మాత్రమే అర్థం. ఆ డొమైన్ మంచివాడిదేనని కాదు.

మొదటి పని: చిరునామాలు విడదీయండి

మన ఊళ్లలో నేను ఎక్కువగా చూసేది ఇది. యజమాని పదేళ్ల కిందట తెరిచిన ఒక్క జీమెయిల్ ఖాతా. విజిటింగ్ కార్డు మీద అదే, ఇండియామార్ట్‌లో అదే, బ్యాంకుకు అదే, జీఎస్టీకి, పీఎఫ్‌కు, ఆదాయపన్నుకు అదే. దాని పాస్‌వర్డ్ ఆపరేటరుకు తెలుసు, ఆడిటర్ ఆఫీసులో గుమాస్తాకు తెలుసు, మానేసి వెళ్లిన పాత ఆపరేటరుకూ తెలుసు. వ్యాపారమంతా ఊరంతా తిరిగే ఒకే చిరునామా మీద నిలబడి ఉంది.

కనీసం రెండుగా విడదీయండి. కార్డు మీద, బోర్డు మీద, వెబ్‌సైట్‌లో అచ్చు వేసేది ఒకటి. దీనికి చెత్త వస్తుంది, రానివ్వండి. బ్యాంకు, పన్నులు, పీఎఫ్, పాస్‌వర్డ్ మార్పిడి మెయిళ్లకు మరొకటి. ఈ రెండోది ఎక్కడా అచ్చు కాకూడదు, ఎవరికీ మెయిల్ పంపడానికి వాడకూడదు. ఇలా చేస్తే ఒక గొప్ప సౌకర్యం ఉంది. బ్యాంకు పేరుతో మెయిల్ కార్డు మీది చిరునామాకు వచ్చిందంటే అది దొంగదని చదవకుండానే చెప్పవచ్చు, ఎందుకంటే బ్యాంకుకు ఆ చిరునామా మీరు ఇవ్వనే లేదు.

జీమెయిల్ వాడేవారికి ఇంకో చిన్న ఉపాయం. మీ పేరు తర్వాత, అట్ గుర్తుకు ముందు, ప్లస్ గుర్తు పెట్టి ఏదైనా మాట చేర్చినా మెయిల్ మీకే వస్తుంది. ఎగ్జిబిషన్ స్టాల్‌లో చిరునామా అడిగితే ప్లస్ పక్కన ఆ ఎగ్జిబిషన్ పేరు చేర్చి ఇవ్వండి. రేపు ఆ చిరునామాకు చెత్త రావడం మొదలైతే మీ వివరాలు ఎవరి దగ్గర నుంచి బయటికి పోయాయో తెలుస్తుంది. కొన్ని వెబ్‌సైట్లు ప్లస్ గుర్తును ఒప్పుకోవు, అక్కడ మామూలుగానే ఇవ్వాలి.

రెండు ఖాతాలకూ టూ స్టెప్ వెరిఫికేషన్ (పాస్‌వర్డ్ ఇచ్చాక ఫోనులో ఇంకోసారి నిర్ధారించుకునే ఏర్పాటు) పెట్టండి. దీనికి బద్ధకించవద్దని చేతులు జోడించి చెబుతాను.

రోజూ చేయాల్సిన పని

పొద్దున ఇన్‌బాక్స్ తెరిచినప్పుడు మెయిళ్లను మూడు రకాలుగా చూడండి.

మొదటిది ఉత్త ప్రకటనలు. లోన్లు, వెబ్‌సైట్ డిజైన్, సెమినార్లు. ఇంజనీరింగ్ కాలేజీ ఆఫీసులకైతే "మీ పరిశోధన పత్రం మా జర్నల్‌లో వేస్తాం, ఫీజు కట్టండి" అనే ఆహ్వానాలు కుప్పలు. వీటిలో మీరు ఎప్పుడో నిజంగా పేరు నమోదు చేసుకున్న సంస్థవి అయితే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి. మెయిల్ పైభాగంలో, పంపినవారి పేరు పక్కన జీమెయిలే చూపించే బటన్ వాడితే మరీ మంచిది. ఊరూ పేరూ తెలియనివాడు పంపిన దాంట్లో అడుగున ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ లింకు మాత్రం ముట్టుకోవద్దు. "ఈ చిరునామాలో మనిషి ఉన్నాడు, చదువుతున్నాడు" అని మీరే చెప్పినట్టవుతుంది. అలాంటి దానికి రిపోర్ట్ స్పామ్ నొక్కండి. చాలామంది బ్లాక్ నొక్కి తృప్తి పడతారు. చెత్త పంపేవాడు రోజుకో చిరునామా మారుస్తాడు కాబట్టి బ్లాక్ వల్ల ఒరిగేది తక్కువ. రిపోర్ట్ చేస్తే ఆ తరహా మెయిల్‌ను గుర్తుపట్టడం, చెత్తను పక్కకు తీసే జీమెయిల్ వడపోతకు అలవాటవుతుంది. ఊరికే డిలీట్ చేస్తే ఏమీ అలవాటు కాదు.

రెండోది తెలిసినవారి పని మెయిళ్లు. వీటి గురించి చెప్పేదేమీ లేదు, ఒక్క డబ్బు విషయం తప్ప. అది కింద విడిగా చెబుతాను.

మూడోది ఎర. అచ్చంగా పని మెయిల్‌లా ఉంటుంది. సమయం పట్టేది దీనికే.

స్పామ్ ఫోల్డర్‌ను కూడా రోజుకు ఒకసారి తెరిచి చూడండి. జీమెయిల్‌లో అక్కడ పడిన మెయిల్ 30 రోజుల తర్వాత దానంతటదే చెరిగిపోతుంది. కొత్త కొనుగోలుదారు మొదటిసారి రాసిన మెయిల్, అందులోనూ ధరల పట్టిక జతచేసి పంపింది, అక్కడ పడే అవకాశం ఉంది. నిజమైనది కనిపిస్తే నాట్ స్పామ్ నొక్కి ఇన్‌బాక్స్‌కు తెచ్చుకోండి. ఎప్పుడూ వ్యాపారం చేసేవారి డొమైన్‌కు ఫిల్టర్ పెట్టి, అందులో నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్ అనే గడికి టిక్ పెట్టండి. అలా పెట్టేటప్పుడు జీమెయిల్ డాట్ కామ్ మొత్తానికి పెట్టవద్దు. అలా చేసిన ఆఫీసు ఒకటి చూశాను, వడపోత మొత్తం తీసేసినట్టే అయింది.

ఎరను దగ్గర నుంచి చూద్దాం

రాళ్ల వ్యాపారానికి వచ్చేది ఒకటి తీసుకుందాం. కడప్పా బ్లాక్ పేరుతో అమ్ముడయ్యే నల్ల నాపరాయి కావాలంటూ ఇంగ్లీషులో మెయిల్ వస్తుంది. సైజులు, మందం, ఎన్ని చదరపు మీటర్లో అన్నీ పద్ధతిగా ఉంటాయి. "డ్రాయింగ్ జతచేశాం, చూసి ధర చెప్పండి" అని ఉంటుంది. ఆపరేటరు సంతోషంగా ఫైలు నొక్కుతాడు. డ్రాయింగ్ రాదు. మెయిల్ లాగిన్ పేజీ వస్తుంది, అచ్చం మీరు రోజూ చూసేదే, మీ మెయిల్ చిరునామా ముందే నింపి ఉంటుంది. "ఫైలు చూడాలంటే పాస్‌వర్డ్ ఇవ్వండి" అంటుంది. ఇస్తే తప్పు అని ఒకసారి చెప్పి మళ్లీ అడుగుతుంది. రెండోసారి ఇచ్చాక ఏదో మసకబారిన పీడీఎఫ్ తెరుచుకుంటుంది. ఆపరేటరు 'ఫైలు సరిగా లేదు' అనుకుని వదిలేస్తాడు. పాస్‌వర్డ్ రెండుసార్లు సరిచూసుకుని మరీ పట్టుకుపోయారని ఆ రోజుకు ఎవరికీ తెలియదు.

ఈ ఫైలు డ్రాయింగ్ కాదని ముందే ఎలా తెలుస్తుంది? ఫైలు పేరు చివర చూడండి. పీడీఎఫ్ అనో జేపీజీ అనో ఉండాల్సిన చోట హెచ్‌టీఎమ్ లేదా హెచ్‌టీఎమ్‌ఎల్ అని ఉంటుంది. అంటే అది వెబ్ పేజీ. డ్రాయింగ్‌ను వెబ్ పేజీగా ఎవరూ పంపరు. విండోస్ మామూలుగా ఈ చివరి అక్షరాలను దాచేస్తుంది. ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ అనే ఫైలు (ఈఎక్స్‌ఈ అంటే ప్రోగ్రామ్) మీకు ఇన్‌వాయిస్ డాట్ పీడీఎఫ్‌గానే కనిపిస్తుంది. ఫైల్ ఎక్స్‌ప్లోరర్ తెరిచి, వ్యూ మెనూలో ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అనే దానికి టిక్ పెట్టండి. ఆఫీసులోని ప్రతి కంప్యూటర్‌లోనూ ఇవాళే చేయగల పని ఇది, నిమిషం కూడా పట్టదు.

జిప్ ఫైలు పంపి, దాని పాస్‌వర్డ్‌ను అదే మెయిల్‌లో రాస్తే అదీ ఎరే అనుకోండి. లోపల ఏముందో వడపోత చూడకుండా తాళం వేశారు, తాళంచెవి మీ చేతికిచ్చారు. వర్డ్, ఎక్సెల్ ఫైలు తెరిచాక "ఎనేబుల్ కంటెంట్ నొక్కండి" అని ఫైలే బతిమాలుతుంటే మూసేయండి.

ఇక చిరునామా చదవడం. పేరు చూడవద్దు, పేరు పక్కన కోణపు బ్రాకెట్లలో ఉండే అసలు చిరునామా చూడండి. ఫోనులో పేరు మాత్రమే కనిపిస్తుంది, దానిమీద నొక్కితే చిరునామా వస్తుంది. డబ్బుకు, పాస్‌వర్డుకు సంబంధించిన మెయిళ్లను ఫోనులో తేల్చవద్దని నేను చెప్పేది అందుకే. చిరునామాను కుడి నుంచి ఎడమకు చదవండి. ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ అని మొదలై, ఆ తర్వాత ఇంకో చుక్క, ఇంకో పేరు, చివర డాట్ కామ్ ఉంటే ఆ డొమైన్ చివరి పేరు గలవాడిది. ముందున్న గవ్ డాట్ ఇన్ వట్టి అలంకారం. అక్షరాలనూ పట్టి చూడండి. ఇంగ్లీషులో ఆర్, ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్‌లా ఉంటుంది. చిన్న ఎల్, పెద్ద ఐ, ఒకటి అంకె మూడూ ఒకేలా ఉంటాయి.

లింకు నొక్కకుండా దానిమీద మౌస్ ఆనించి ఉంచితే బ్రౌజర్‌లో కింద ఎడమ మూలన అది నిజంగా ఎక్కడికి వెళుతుందో కనిపిస్తుంది. అనుమానం తీరకపోతే జీమెయిల్‌లో మెయిల్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి షో ఒరిజినల్ ఎంచుకోండి. పై భాగంలో ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ ఎదురుగా పాస్ అనో ఫెయిల్ అనో ఉంటుంది. బ్యాంకు పేరుతో వచ్చిన మెయిల్‌లో ఫెయిల్ కనిపిస్తే ఇక చదవనక్కర్లేదు.

మెయిల్‌లో తప్పుల ఇంగ్లీషు ఉంటే మోసమని గుర్తుపట్టవచ్చనే పాత సలహాను మరిచిపోండి. ఇప్పుడు మోసగాడి ఇంగ్లీషు, ఆ మాటకొస్తే తెలుగు కూడా, శుభ్రంగానే ఉంటుంది.

ప్రభుత్వం పేరుతో వస్తే

పన్ను నోటీసు అనగానే మన వ్యాపారులకు చేతులు వణుకుతాయి. వణకాల్సిన పని లేదు, తనిఖీకి ఏర్పాటు ఉంది. ఆదాయపన్ను శాఖ పంపే నోటీసులు, ఆదేశాల మీద 2019 అక్టోబరు 1 నుంచి డిన్ అనే గుర్తింపు సంఖ్య ఉండాలి. కొద్దిపాటి మినహాయింపులు ఉన్నాయి, అలా ఇచ్చినప్పుడు కారణం కూడా రాయాలి. ఆ శాఖ పోర్టల్ మొదటి పేజీలోనే నోటీసు అసలుదో కాదో సరిచూసే సదుపాయం ఉంది, లాగిన్ కూడా అవసరం లేదు. కేంద్ర జీఎస్టీ అధికారుల ఉత్తరాలకూ ఇలాంటి సంఖ్యను 2019 నవంబరులో తెచ్చారు, దాన్నీ వాళ్ల వెబ్‌సైట్‌లో సరిచూడవచ్చు.

కానీ అన్నిటికంటే సులువైన పద్ధతి ఒకటుంది. మెయిల్‌లోని లింకును అసలు వాడవద్దు. బ్రౌజర్ తెరిచి, పోర్టల్ చిరునామా మీ చేతులతో టైపు చేసి లాగిన్ అవ్వండి. నిజమైన నోటీసు అయితే అక్కడ మీ ఖాతాలో ఉంటుంది. లేకపోతే మెయిల్‌ను ఆడిటర్‌కు చూపించి ఊరుకోండి. నిజమైన నోటీసుకు జవాబు ఇవ్వడానికి గడువు ఉంటుంది, "రెండు గంటల్లో కట్టకపోతే ఖాతా మూసేస్తాం" అని ఏ పన్ను అధికారీ మెయిల్‌లో రాయడు.

బ్యాంకుల విషయంలోనూ ఒక మంచి మార్పు వచ్చింది. రిజర్వు బ్యాంకు బ్యాంకులన్నిటినీ 2025 అక్టోబరు 31 లోగా తమ వెబ్‌సైట్లను డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే చివర గల చిరునామాకు మార్చుకోమంది. ఆ చివర బ్యాంకులకు మాత్రమే దొరుకుతుంది. మీ బ్యాంకు కొత్త చిరునామాను బ్రాంచిలో అడిగి తెలుసుకుని బ్రౌజర్‌లో బుక్‌మార్క్ చేసుకోండి.

డబ్బు అడిగే మెయిల్: ఇక్కడ ఆగండి

చెత్త మెయిల్ వల్ల పోయేది కాసేపు సమయం. ఈ రకం మెయిల్ వల్ల ఒక లోడు డబ్బు పోతుంది.

ఇలా జరుగుతుంది. మీకు కటింగ్ బ్లేడ్లు సరఫరా చేసే వ్యాపారి మెయిల్ ఖాతా ఎవరో పట్టుకున్నారనుకుందాం. వెంటనే ఏమీ చేయరు. వారాల తరబడి ఉత్తరాలు చదువుతూ కూర్చుంటారు. ఎవరికి ఎంత బాకీ, బిల్లు ఎప్పుడు వెళుతుంది, ఎవరు ఎవరిని ఎలా పిలుస్తారు, అన్నీ నేర్చుకుంటారు. సరిగ్గా బిల్లు వచ్చిన మర్నాడు, అదే సబ్జెక్టుతో, పాత ఉత్తరాలన్నీ కిందే ఉండగా, మరో మెయిల్ వస్తుంది: "ఆడిటింగ్ జరుగుతోంది కాబట్టి పాత ఖాతా వాడటం లేదు. ఈ కొత్త ఖాతాకు పంపండి." బిల్లు నిజమే, మొత్తం నిజమే, సంతకం నిజమే. ఖాతా సంఖ్య ఒక్కటే అబద్ధం. అరటి ఎగుమతిదారులకు ఇది అటువైపు నుంచి తగులుతుంది. 2020 జనవరిలో తాడిపత్రి నుంచి ముంబై రేవుకు అరటి రైలు బయల్దేరినప్పటి నుంచి మన జిల్లా పంట విదేశాలకు వెళ్లడం అందరికీ తెలిసిన సంగతైంది. సరుకు ఓడ ఎక్కాక మీ పేరుతో ఎవరో విదేశీ కొనుగోలుదారుకు కొత్త ఖాతా సంఖ్య పంపితే, అతను నిజాయితీగా డబ్బు కడతాడు, మీకు రాదు. పోట్లాట మాత్రం మీ ఇద్దరి మధ్యే.

దీనికి వడపోత ఏదీ పనికిరాదు, ఎందుకంటే కొన్నిసార్లు మెయిల్ నిజంగా ఆ వ్యాపారి ఖాతా నుంచే వస్తుంది. పనికొచ్చేది ఫోను. ఈ నియమాన్ని కాగితం మీద రాసి, యజమాని సంతకం పెట్టి, అకౌంట్లు రాసే బల్ల దగ్గర అంటించండి:

"ఖాతా సంఖ్య మారిందని మెయిల్ వస్తే, పాత బిల్లు మీద ఉన్న ఫోను నంబరుకు చేసి, మనకు తెలిసిన మనిషితో మాట్లాడే దాకా పైసా పంపము. ఆలస్యానికి బాధ్యత నాది."

చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. అది లేకపోతే అకౌంట్ల అమ్మాయి మళ్లీ పాత భయంతోనే పని చేస్తుంది. ఫోను నంబరు పాత బిల్లు నుంచే తీసుకోవాలి, మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు చేస్తే మోసగాడే ఎత్తి "అవునండీ, మార్చాం" అంటాడు. మాట్లాడేటప్పుడు సంకోచం అక్కర్లేదు. "అన్నా, మీ పేరుతో కొత్త ఖాతా నంబరు వచ్చింది. మీరే పంపారా? చివరి నాలుగు అంకెలు చెప్పండి" అంటే చాలు. నిజమైన వ్యాపారి ఎవరూ దీనికి నొచ్చుకోరు.

రెండో కాపలా బ్యాంకు దగ్గర ఉంది. నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో డబ్బు ఖాతా సంఖ్యను బట్టే జమ అయ్యేది, మీరు రాసిన పేరును బ్యాంకు పోల్చేది కాదు. అందుకే రిజర్వు బ్యాంకు 2025 ఏప్రిల్ 1 నుంచి, డబ్బు పంపే ముందే ఆ ఖాతా ఎవరి పేరున ఉందో చూపించే సదుపాయం ఇవ్వాలని బ్యాంకులను ఆదేశించింది. కొత్త ఖాతా చేర్చేటప్పుడు ఆ పేరు చదవండి. సంస్థ ఖాతా అని చెప్పి ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తే అక్కడే ఆగిపోండి.

జవాబు రాసేటప్పుడు కూడా ఒకసారి చూడండి. రిప్లై నొక్కగానే 'టు' గడిలో వచ్చే చిరునామా, మెయిల్ పంపిన చిరునామా ఒకటేనా? వేరేది వస్తే అది దారి మళ్లించే ఎత్తు కావచ్చు.

ఇదే కోవలో ఇంకొకటి. ప్రిన్సిపాల్ పేరుతోనో, ఆసుపత్రి డాక్టరు పేరుతోనో సిబ్బందికి మెయిల్ వస్తుంది: "మీటింగులో ఉన్నాను, ఫోను చేయవద్దు. అర్జంటుగా గిఫ్ట్ కార్డులు కొని నంబర్లు పంపు." పెద్దవాళ్ల మాట కాదనలేని మర్యాదే ఇక్కడ మోసగాడి పెట్టుబడి. యజమానులు, ప్రిన్సిపాళ్లు ముందే సిబ్బందిని కూర్చోబెట్టి చెప్పాలి: నా పేరుతో డబ్బు అడిగితే అర్ధరాత్రైనా నాకు ఫోను చేయండి, నేను విసుక్కోను.

పొరపాటున నొక్కేస్తే

పాస్‌వర్డ్ ఇచ్చేసినట్టు అనుమానం వస్తే వేరే కంప్యూటర్ నుంచి గానీ ఫోను నుంచి గానీ వెంటనే పాస్‌వర్డ్ మార్చండి. తర్వాత అన్ని పరికరాల నుంచీ లాగౌట్ చేయండి. ఆ తర్వాత చేయాల్సిన పనిని అందరూ మరిచిపోతారు: సెట్టింగ్స్‌లో ఫార్వార్డింగ్ అనే చోట తెలియని చిరునామా ఉందేమో, ఫిల్టర్లలో మీరు పెట్టనిది ఏదైనా ఉందేమో చూడండి. మీ మెయిళ్ల నకలు తనకు వచ్చేలా, బ్యాంకు మెయిళ్లు మీకు కనిపించకుండా చెత్తబుట్టలోకి వెళ్లేలా ఏర్పాటు చేసి పోతారు. ఇవి తీయకపోతే పాస్‌వర్డ్ మార్చినా చాలా మటుకు వృథా. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి కింద కుడివైపు చివర డీటెయిల్స్ నొక్కితే ఖాతాను ఎక్కడెక్కడి నుంచి తెరిచారో కూడా కనిపిస్తుంది.

ఫైలు తెరిచాక కంప్యూటర్ వింతగా ప్రవర్తిస్తే ముందు నెట్ తీసేయండి. వైఫై ఆపండి, లేదా కేబుల్ లాగేయండి. ట్యాలీ డేటా ఉన్న కంప్యూటర్లకు ఆ ఫైలుతో వచ్చిన వైరస్ పాకకుండా ఆపడమే మొదటి అవసరం.

డబ్బు వెళ్లిపోతే ఎవరినీ తిట్టుకుంటూ కూర్చోవద్దు, ప్రతి నిమిషం విలువైనది. 1930కి ఫోను చేయండి. ఇది దేశమంతటికీ ఒకటే నంబరు. లావాదేవీ సంఖ్య, ఎంత, ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకు, ఏ సమయంలో అన్నవి చేతిలో పెట్టుకుని చేయండి. డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉంటే దాన్ని అక్కడే నిలిపివేసే ప్రయత్నం చేస్తారు. మీ బ్యాంకుకూ వెంటనే చెప్పండి. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయండి. ఐటీ చట్టం 2000లోని 66డి సెక్షన్ ప్రకారం కంప్యూటర్ ద్వారా మరొకరిలా నటించి మోసం చేస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉంది.

ఆ మెయిల్‌ను మాత్రం డిలీట్ చేయవద్దు. భయంతోనో సిగ్గుతోనో మొదట చేసే పని అదే, దాంతో ఆధారం పోతుంది. ఫార్వర్డ్ చేసినా సరిపోదు, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పే వివరాలు అందులో ఉండవు. షో ఒరిజినల్ పేజీలోని డౌన్‌లోడ్ ఒరిజినల్ నొక్కి ఫైలుగా దాచండి.

ప్రకటన కాల్స్, ఎస్‌ఎమ్‌ఎస్‌లు రాకుండా 1909కి చెప్పి డీఎన్‌డీ పెట్టించుకున్నట్టు మెయిళ్లకూ పెట్టించుకోవచ్చా అని తరచూ అడుగుతారు. ఆ ఏర్పాటు మెయిళ్లకు వర్తించదు.

మీ మెయిల్ ఇతరులకు చెత్త కాకుండా

ఉగాది, దీపావళి శుభాకాంక్షలను మూడొందల మందికి ఒకేసారి 'టు' గడిలో పెట్టి పంపుతారు. అందరి చిరునామాలూ అందరికీ చేరతాయి. వాళ్లలో ఒక్కరి ఖాతా దొంగల చేతికి పోయినా మీ ఖాతాదారుల జాబితా మొత్తం పోయినట్టే. బీసీసీ గడి వాడండి, అందులో పెట్టిన చిరునామాలు ఒకరివి ఒకరికి కనిపించవు. ధరల పట్టికను అడిగినవారికే పంపండి. సొంత డొమైన్ ఉంటే పైన చెప్పిన మూడు తనిఖీలు పెట్టమని మీ వెబ్‌సైట్ చేసినవారిని అడగండి. చాలామంది డబ్బు తీసుకుని ఇది పెట్టకుండానే వదిలేస్తున్నారు. అవి లేకపోతే మీ కొటేషన్లు కొనుగోలుదారు స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉంటాయి, మీ పేరుతో దొంగ మెయిళ్లు పంపడమూ తేలికవుతుంది.

మనిషి మారినప్పుడు

ఆపరేటరు పని మానేసిన రోజే పాస్‌వర్డ్ మార్చండి. దీన్ని అతని మీద అనుమానంగా తీసుకోనక్కర్లేదు, రేపు ఏదైనా జరిగితే అతని మీదికి మాట రాకుండా కాపాడేదీ ఇదే. పాస్‌వర్డ్ మార్చి ఊరుకోకుండా, ఖాతా సెట్టింగ్స్‌లో రికవరీ ఫోను, రికవరీ మెయిల్ ఎవరివో చూడండి. చాలా ఆఫీసుల్లో అక్కడ ఉన్నది ఖాతా తెరిచిన రోజున ఎదురుగా కూర్చున్న ఎవరిదో నంబరు, ఆయన ఇప్పుడు బెంగళూరులో ఉంటాడు. కొన్నిచోట్ల ఆ సిమ్ ఎప్పుడో ఆగిపోయి, కంపెనీ ఆ నంబరును వేరొకరికి ఇచ్చేసి ఉంటుంది. యజమాని సొంత నంబరు పెట్టి, కొత్త ఆపరేటరుకు డబ్బు నియమం కాగితం చూపించి, మొదటి వారం మెయిళ్లు పక్కన కూర్చుని కలిసి చూడండి.